నాన్న అరచేతి పక్కన సుత్తి దెబ్బ

మా నందిగామ ఇంట్లో వంటగది గోడ మీద నాన్న అరచెయ్యి ఉంది. ఆయన తాపీమేస్త్రీ. ఊళ్ళో ఎన్నో ఇళ్ళు కట్టి, చివరికి మాది కట్టుకున్నప్పుడు పచ్చి సిమెంటులో చెయ్యి అద్ది వదిలేశాడు. ఆయన పోయాక అమ్మ పొద్దున్నే స్టవ్ వెలిగించే ముందు అక్కడ ఒకసారి చెయ్యి ఆనిస్తుంది.

ఈ వేసవిలో ఆ చేతి చుట్టూ తడి తేలింది. నాలుగు రోజులకి చిటికెనవేలి దగ్గర ప్లాస్టరు ఉబ్బింది.

"ఆ చెయ్యి ఊడిపోద్దే, ప్లంబర్ని పిలువు," అంది అమ్మ.

"నేనెందుకున్నా? మొన్న బాత్రూమ్ కుళాయి కారుతుంటే ఎవరు బాగుచేశారు?" అన్నాను.

బడిలో లెక్కలు చెప్పేదాన్ని, గోడకి భయపడతానా! తడి ఎక్కడుంటే లీకూ అక్కడే అనుకుని ఉలి పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాను. పెచ్చు ఊడింది. బీట సరిగ్గా చిటికెనవేలి దాకా పాకి ఆగింది. అమ్మ వచ్చి గోడకి అడ్డంగా నిలబడిపోయింది. నేను సుత్తి కింద పెట్టి ప్లంబరుకి ఫోన్ చేశాను.

జగ్గయ్యపేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నేను చెప్పేదేదీ వినలేదు. స్క్రూడ్రైవర్ మొన గోడకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఫ్యాన్ ఆపమని సైగ చేశాడు. అంగుళం అంగుళం జరిగి, గోడ అవతలున్న బాత్రూములోకి వెళ్ళి, నేను బాగుచేసిన కుళాయి దగ్గరే ఆగాడు.

"వినండి మేడమ్."

చెవి పెట్టాను. లోపల పప్పు ఉడుకుతున్నట్టు సన్నటి చప్పుడు! అబ్బ, ఏం చెవులయ్యా నీవి అనుకున్నాను!

"కుళాయి బిగించే మర చుట్లకి పట్టిన సున్నం గీకారా?"

"శుభ్రంగా గీకాను," అన్నాను గర్వంగా.

"మన బోరునీళ్ళ సున్నమేనండీ ఇన్నాళ్ళూ ఆ పాత జాయింటుని పట్టుకునుంది. అది తీసేసి బలంగా బిగించేసరికి లోపల పైపు వంపు చీలింది. నీళ్ళు గోడలో దిగి ఇటు తేలాయి."

ఆయన ఒకే ఒక్క టైలు, అదీ పగలకుండా ఊడదీసి, చీలిన ముక్క మార్చాడు. గోడ ఆరాక మళ్ళీ వచ్చి నేను కొట్టిన గుంట పూడ్చాడు. నాన్న వేలి అంచు చెక్కుచెదరకుండా బీట నునుపు చేశాడు.

ఆయన లేవగానే అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆ పచ్చి సిమెంటులో అరచెయ్యి గట్టిగా అదిమింది.

"అమ్మా, ఏంటిది!"

"ఉండనీ. ఇంకోసారి సుత్తి తియ్యాలనిపిస్తే ముందు ఇక్కడికొచ్చి చూసుకో."

చెయ్యి తీశాను. నాన్నదీ నాదీ చిటికెనవేలు ఒకేలా లోపలికి వంగి ఉంది. మర్నాడు పొద్దున స్టవ్ వెలిగించే ముందు అమ్మ రెండు చేతులూ ఎత్తి గోడకి ఆనించింది.