మా అత్త మోటరు కోసం ఆగిన రైళ్లు

జనగామలో రైలు పట్టాలకు కూతవేటు దూరంలో మా అత్తకు పిండి గిర్ని ఉండేది. పేరుకే ఆమెది. పెత్తనమంతా గోడవతల పోయే రైలుది. అది వస్తుంటే బల్బు పచ్చగా పాలిపోయేది, మోటరు గుర్రుమనేది. అత్త ఉరికొచ్చి స్టార్టరు హ్యాండిలు కిందికి గుంజి మోటరు ఆపేది. మొహం నిండా పిండి, నోటి నిండా తిట్లు.

"దీని నోట్లె మన్నువడ! నా కరెంటంత తాగిపోతున్నది సూడు!"

ఎక్స్‌ప్రెస్‌కు ఒక తిట్టు, గూడ్సుకు ఇంకోటి. గూడ్సువి ఇక్కడ రాయలేను. బండి ఎంత పొడుగో తిట్లూ అంత పొడుగు.

అప్పటికే మోటరు ఓసారి కాలి, మళ్లీ కాలింది. తీగ చుట్టిన మిస్త్రీ, "ఇంకోపాలి కాలితే నా తాన తేకు అవ్వా, పాత ఇనుముల ఎయ్యి," అని చెప్పేశాడు. కొత్తది కొనే తాహతు మాకు లేదు. మోటరు పోతే గిర్ని మూతపడ్డట్టే.

కరెంటాఫీసు ఇంజనీరుకు చెప్పుకుంటే నవ్వాడు. "రైలు తీగ వేరు, మీ తీగ వేరు అవ్వా. మీ మోటరు ముసల్దైంది." ఆ ముసల్దన్న మాట ఎవరికి తగిలిందో గానీ, ఇంటిదాకా అత్త ఆయన్ని ఉతికి ఆరేసింది.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ముదిరి రైల్ రోకో అన్నారు. ఊరంతా పట్టాల మీదికి చేరింది. అక్కడే వంటావార్పు. వాళ్లకు కావాల్సిన కారం, జొన్నపిండి అన్నీ మా గిర్నిలోనే పట్టించారు. పొద్దటి నుంచి బల్బు తెల్లగా వెలిగింది. మోటరు ఒక్కసారి కూడా మూలగలేదు. అత్త మొహంలో అంత సంతోషం మా పెళ్లిలో కూడా చూడలేదు.

"పిల్లా, గిర్ని నువ్వు సూస్కో. నేను గూడ పోయి కూసుంట."

సాయంత్రం ఆమెను పిలవడానికి పోయేసరికి నాయకులు రైల్ రోకో ముగిసిందని చెబుతున్నారు. అందరూ దుమ్ము దులుపుకుని లేచారు. అత్త లేవలేదు.

"అవ్వా, ఇయ్యాల్టికి అయిపోయింది, లెవ్వు," అన్నాడు మానుకోట నుంచి వచ్చిన నాయకుడు.

"మీకు అయిపోయిందేమో, నాకు కాలె. రైలు కదిల్తె నేను సచ్చినట్టే!"

జనం ఊగిపోయారు. "జై తెలంగాణ!" అంటూ మళ్లీ కూలబడ్డారు. ఎవరో ఆమె మెడలో దండ కూడా వేశారు. అసలు సంగతి తెలిసిన నేను నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఉద్యమం కోసం సమ్మె చేస్తున్న కరెంటాఫీసు ఇంజనీరూ ఆ గుంపులోనే ఉన్నాడు. అత్త వేలితో పిలిచింది. "సారూ, నా గిర్నికి పోయి మోటరు ముట్టి రాపో. ముసల్ది ఎట్ల పడుసుదైందో సూడు."

వెళ్లి వచ్చి, పొద్దంతా నడిచినా మోటరు వేడెక్కలేదంటూ బుర్ర గోక్కున్నాడు. తీగలు వేరైనా కరెంటు వచ్చేది ఒక్క చోటి నుంచేనట, అక్కడి మూడు ఫేజుల్లో రైలు రెండింటి నుంచే లాగుతుందట. మా లైను అసలే బలహీనం. మూడింటి మధ్య తేడా వస్తే మోటరు వేడెక్కుతుందట.

"గీ ముక్క చెప్పనీకి రైళ్లన్నీ ఆపాల్నా సారూ?"

తేడా రాగానే మోటరును ఆపేసే డబ్బా బిగిస్తానని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాకే అత్త లేచింది. ఆయన మాట తప్పలేదు. డబ్బా పెట్టాక గూడ్సు వచ్చింది. బల్బు పాలిపోయింది. అత్త చేయి హ్యాండిలు అందుకునేలోపే టక్కున మోటరు ఆగింది.

"నాకన్న జల్ది ఉన్నదే ఇది," అంది కొంచెం చిన్నబుచ్చుకుని. తిట్లు మాత్రం మానలేదు.

రాష్ట్రం వచ్చాక ఆమెకు సన్మానం చేశారు. ప్రాణానికి తెగించి పట్టాల మీద ఎందుకు కూర్చున్నావని మైకులో అడిగారు.

"నా మోటరు కాలొద్దని."

అవ్వ భలే చమత్కారి అనుకుని సభంతా చప్పట్లు కొట్టింది. శాలువా కప్పి పంపారు. ఆ పూట గిర్ని బందు చేశాక, అత్త శాలువాను మడతపెట్టి మోటరు మీద కప్పింది. అదేంటని అడిగాను.

"జర పండనియ్యి పిల్లా. పొద్దుగాల మళ్ల గూడ్సు ఉన్నది."