పళ్ల డాక్టరు కుర్చీలో మామయ్య చాకు

మా మామయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా ఊళ్లోవాళ్లను పైకి పంపించి, సాయంత్రం తను మాత్రం మెట్లెక్కి ఇంటికొస్తాడు. మా బిల్డింగులో లిఫ్టు లేదు. ఇందులో ఎవరికీ వింత కనపడదు, నాకు తప్ప.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత జేబు చాకులు. మడిస్తే బ్లేడు పిడిలోకి దూరిపోయే రకం. కొమ్ము పిడివి, ఎముక పిడివి, ఇత్తడివి. బట్టల బీరువాలో కింది అర మొత్తం వాటిదే. ఒక్కొక్కదాన్నీ నూనె గుడ్డలో చుట్టి, చంటిపిల్లను నిద్రపుచ్చినట్టు పడుకోబెడతాడు.

"ఇంటినిండా చాకులే. ఉల్లిపాయ తెగే కత్తి ఒక్కటీ లేదు" అంటుంది అత్తయ్య. ఆవిడ కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములు బిగిస్తుంది. ఆవగింజంత స్క్రూను కూడా చెయ్యి వణక్కుండా పట్టుకోగలదు.

చాకులన్నిటిలోనూ మామయ్యకు ప్రాణం ఒకదాని మీద. నల్ల కొమ్ము పిడి. పిడికి అటొకటి ఇటొకటి కొమ్ము పలకలు. ఒక పక్క పలక మీద పసుపుపచ్చ చార ఏటవాలుగా పోతుంది. రెండో పక్క చార లేదు, మబ్బుల్లాంటి మచ్చలున్నాయి. అదీ ఆయన గుండెలో ముల్లు.

"మంచి పనివాడు ఒకే కొమ్మును నిలువునా చీల్చి, రెండు ముక్కల్నీ ఒకే చాకుకు అటూ ఇటూ బిగిస్తాడురా. ఇటు పోయిన చార అటు తేలాలి. ఎవడో బాగుచేసేటప్పుడు రెండు చాకులు ఒకేసారి విప్పి, దీని పలక దానికీ దాని పలక దీనికీ వేశాడు. దీని జత ఎక్కడో ఉంది."

ఎక్కడో ఉందిట! దొరికిన పుస్తకమల్లా నమిలేసి, పని దొరక్క గోళ్లు నమిలే నాకు, ఆయన నమ్మకం చూస్తే ఒళ్లు మండేది. అయినా ప్రతి ఆదివారం పాత సామాన్ల సంతకు ఆయన వెంట పోతూనే ఉన్నాను.

సంతలో ఆయనకో శత్రువు. పళ్ల డాక్టరు. ఆయనదీ ఇదే జబ్బు. మంచి చాకు మామయ్యకంటే ముందుగా కొట్టేసిన రోజున దూరం నుంచే కేకేస్తాడు: "ఏమయ్యా మెకానిక్కూ, ఇవాళ లిఫ్టు ఆలస్యమైందా?"

"చాకు చూడటమంటే పన్ను పీకడం కాదు డాక్టరు గారూ" అని మామయ్య అంటిస్తాడు.

మొన్న ఆదివారం డాక్టరు కొత్తగా దొరికిన చాకొకటి తీసి, నలుగురి ముందూ గొప్పలు పోతున్నాడు. మామయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకు నా ఎముక నొప్పెట్టింది.

"ఒరేయ్... ఆ చార చూశావా?"

ఒక పక్క మబ్బులు. రెండో పక్క ఏటవాలు చార. మామయ్య, సంతకు ఎప్పుడూ వెంట తెచ్చుకునే తన చాకు జేబులోంచి తీసి, దాని పక్కన పెట్టాడు. చార చారను కలుసుకుంది. మబ్బు మబ్బును కలుసుకుంది. నేనూ ముందుకు వంగి చూశాను. డాక్టరు నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు.

"అది నాకిచ్చెయ్" అన్నాడు డాక్టరు.

"మీరే ఇవ్వండి."

సంతంతా మూగేదాకా పోట్లాడుకున్నారు. ఆఖరికి పలకలు మార్చుకుందామన్నారు. కానీ పలకల్ని పట్టి ఉంచే రివెట్లు ఊడగొట్టాలి. ఎండిన పాత కొమ్ము, ఒక దెబ్బ అటూ ఇటైతే చీలిపోతుంది. నీ చేతికి నా చాకివ్వనంటే నీ చేతికి నాదివ్వనన్నారు. అప్పుడు నేను అత్తయ్య పేరెత్తాను. నేను చెప్పిన మాట ఈ లోకం విన్నది ఆ ఒక్కసారే.

సెలవురోజు కదా, డాక్టరు క్లినిక్కు ఖాళీగా ఉంది. కుర్చీ మీది పెద్ద లైటు వేశారు. పళ్లెంలో తెల్లగుడ్డ, దానిమీద రెండు చాకులు. అత్తయ్య సన్నటి మేకు, చిన్న సుత్తి పట్టుకుని కూర్చుంది.

"జాగ్రత్త చెల్లెమ్మా" అన్నాడు డాక్టరు.

"మీరిద్దరూ ఊపిరి అటు తిరిగి వదలండి."

మామయ్య చాకు మీది మబ్బుల పలక పువ్వులా ఊడొచ్చింది. ఇక రెండోది, మామయ్యకు కావలసిన చార పలక. మొదటి రివెట్టు జారింది. రెండోదీ జారింది. మూడోది కొట్టగానే టిక్కుమంది.

రంధ్రం దగ్గర మొదలై చార పొడుగునా వెంట్రుకంత చీలిక. అత్తయ్య సుత్తి కింద పెట్టేసింది. మామయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇన్నాళ్లూ వెతికింది, దొరికిన పూటే పగిలింది!

"ఎవరూ ముట్టుకోవద్దు" అంటూ డాక్టరు గబగబా చేతులకు తొడుగులు వేసుకున్నాడు. "పగిలిన పన్ను అతికే నాకు పగిలిన కొమ్మొక లెక్కా? బావగారూ, మీరు బయట కూర్చోండి. రోగి తాలూకు బంధువులు లోపల ఉండకూడదు."

అత్తయ్య చెల్లెమ్మ అయ్యేసరికి మెకానిక్కు బావగారైపోయాడు. నిజంగానే వెళ్లి బయట బల్లమీద కూర్చున్నాడు, చేతులు నలుపుకుంటూ.

డాక్టరు, పన్నుకు సరిపోయే ముద్ద ఎంచుకోవడానికి వాడే రంగుల పట్టీ తెచ్చి చార పక్కన పెట్టి చూశాడు. తెల్లవన్నీ దాటి చివరి రంగు దగ్గర ఆగాడు.

"పొగాకు నమిలేవాళ్ల రంగు. ఇన్నాళ్లకు పనికొచ్చింది!"

చీలికలోకి ఆ రంగు ముద్ద ఎక్కించి, నీలం లైటు పెట్టి, గట్టిపడ్డాక నున్నగా అరగదీశాడు. చీలిక ఎక్కడుందో నేనే వెతుక్కోవలసి వచ్చింది. అత్తయ్య ఫ్రేముల ఇత్తడి తీగతో కొత్త రివెట్లు వేసి, రెండు చాకులూ బిగించింది.

మామయ్యను పిలిచారు. ఆయన తెరిచాడు. మడిచాడు. టక్. తిప్పి చూశాడు. ఇటు పోయిన చార అటు తేలింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"రెండు రోజులు గట్టివేవీ కొరక్కుండా చూసుకోండి బావగారూ" అన్నాడు డాక్టరు, అలవాటుకొద్దీ.

"ఉల్లిపాయ కోయొచ్చా అన్నయ్యా?" అంది అత్తయ్య.

"వద్దు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఇంటికొచ్చాక మామయ్య మెట్లు తిన్నగా ఎక్కలేదు. ప్రతి అంతస్తులోనూ తలుపు కొట్టి, అందరికీ చాకు చూపించాడు. మూడో అంతస్తు ముసలాయన అటూ ఇటూ తిప్పి చూసి, "భలే ఉందయ్యా. అన్నట్టు, మనకు లిఫ్టెప్పుడు పెడతావు?" అన్నాడు.