పెద్దమ్మ కూత, నా పాడ్‌కాస్టు

మా కాలేజీ సెమినార్ హాలులోకి యాభై గొర్రెలు ఒకేసారి వచ్చిన రోజు ఒకటుంది. వాటిని పిలిచింది నేనే. పిలవాలని పిలవలేదు, అయినా తప్పు నాదే, గొర్రెల మీదికి తోయను. చదివి నవ్వుకోండి, ఏమీ అనుకోను.

సెల్‌ఫోన్లో మాటలు రికార్డు చేయడం కొత్తగా వచ్చిన రోజులవి. సూళగిరి దగ్గర కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. సైకాలజీ మేడం, "మనసు గురించి తలా ఒక పాడ్‌కాస్టు చేసుకురండి, ఏ భాషలోనైనా సరే. బాగున్నది ప్రిన్సిపాల్‌గారి ముందు స్పీకర్లలో వినిపిస్తాం" అన్నారు. పాడ్‌కాస్టు అంటే ఏమిటో నాకు తెలియదు. కానీ తెలిసినట్టు తల ఊపడంలో నాకు సాటి లేదు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడట. అరకొర చదువుకి మైకు దొరికితే ఏం చేస్తుందో ఇప్పుడు చూడండి.

గంట కొట్టి అన్నం పెడుతూ పోతే, కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు నోరూరుతుందని పుస్తకంలో ఉంది. వెంటనే మా పెద్దమ్మ మునెమ్మ గుర్తొచ్చింది. ఆమెది అత్తిముగం అనే ఊరు. కోతలైన ఆ నెలలో మా కాలేజీకి ఎదురుగా, పెద్దరోడ్డుకు అవతలి చేలల్లో గొర్రెలు మేపుతోంది. నీళ్ల వేళకు "ఉర్ర్ర్ బా బా బా" అని కూత వేస్తే చాలు, గొర్రెలన్నీ పరుగున వస్తాయి. ఒక సాయంత్రం ఆమెకు చెప్పకుండా ఆ కూతను ఫోన్లో పట్టేశాను. దానికి ముందు వార్తలు చదివేంత గంభీరంగా నా గొంతు చేర్చాను: "గొర్రెకు ఆలోచన లేదు, ఉన్నది అలవాటే. అక్షరం రాని ఈ కాపరి తనకే తెలియకుండా సైన్సును వాడుతోంది." చిన్నప్పుడు నాకు సంగటి ముద్దలు తినిపించిన పెద్దమ్మ, నా పాడ్‌కాస్టులో 'ఈ కాపరి' అయిపోయింది.

నాదే బాగుందన్నారు. హాలు చాలక వరండాలో కూడా స్పీకర్లు పెట్టారు. నా ఉపన్యాసం అయింది. తర్వాత కూత మోగింది.

కిటికీలోంచి బయటికి చూశాను. మంద మొత్తం రోడ్డు వైపు పరుగెడుతోంది. కృష్ణగిరి నుంచి లారీలు వస్తున్నాయి. పెద్దమ్మ చీర పైకి దోపుకుని, కర్ర అడ్డంగా పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడింది. ముందు లారీ ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగింది. గొర్రెలన్నీ దాటేదాకా ఆమె కదలలేదు.

గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు. ఆ రోజు స్పీకరును నమ్మింది. ఒక పొట్టేలు స్టేజీ ఎక్కి దాన్ని నాకి కూడా చూసింది.

వెనకే పెద్దమ్మ వచ్చింది. "నేను ఆడ ఉంటే నా గొంతు ఈడెట్లా వచ్చింది సారూ?" అని ప్రిన్సిపాల్‌ను అడిగింది. అందరూ నా వైపు చూశారు.

"నువ్వా పాపా?"

"రికార్డు చేసినాను పెద్దమ్మా. ఊరికే వినిపించినాము."

"ఊరికేనా? నేను ఉత్త కూత ఎప్పుడూ వేసింది లేదు, మా అమ్మా వేసింది లేదు. కూత వేస్తే నీళ్లు పెట్టాల. ఈ పొద్దు పెట్టకుండా తోలుకుపోతే రేపు నా కూత నమ్మవు. రోడ్డెక్కినాక పిలిస్తే తిరిగి రావు. అప్పుడు లారీ కింద పడితే నువ్వు లేపుతావా?"

"ఇప్పుడేం చేయాల పెద్దమ్మా?"

"పిలిచినావు కదా, నీళ్లు పెట్టు."

యాభై గొర్రెలు ఎన్ని బకెట్లు తాగుతాయో ఏ సైకాలజీ పుస్తకంలోనూ లేదు. నేను మోశాను, మేడం మోశారు, చివరికి ప్రిన్సిపాల్ కూడా ప్యాంటు మడిచి దిగారు. ఆయన చేతిలోది ఫినాయిల్ బకెట్టని చూసి పెద్దమ్మ వెనక్కి పంపింది. తర్వాత మందను ఒక్కసారి అటు నుంచి ఇటు చూసి, "ఆ చెవిమచ్చది తాగలే, దానికి పెట్టు" అంది. నాకు అన్నీ ఒకేలా కనబడుతున్నాయి. సిగ్గుతో తల దించుకున్నా, ఈమె మా పెద్దమ్మ అని అందరికీ చెప్పుకోవాలనిపించింది.

మేడం కొంగు పిండుకుంటూ అడిగారు: "అమ్మా, కూతకు రావడం వీటికి ఎట్లా నేర్పించినారు?"

"నేను యాడ నేర్పించినాను మేడమ్మా. దప్పికైతే మేత వదిలేసి నా మొగమే చూస్తా నిలబడతాయి. అన్ని మొగాలు అట్లా చూస్తా ఉంటే కూత వేయకుండా ఉండేదానికి అవుతుందా? అవే నాకు నేర్పించినాయి."

మేడం పుస్తకం తెరిచి ఆ మాట రాసుకున్నారు. నా పాడ్‌కాస్టు మాట ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, తడిసిన చెప్పుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ జీవి మనసు గురించీ మైకు ముందు నోరు విప్పను. విప్పక తప్పకపోతే, ముందుగా నీళ్లు నింపి పెట్టుకుంటాను.