బాపు ట్రాన్సిస్టర్ దుక్కిల దిగిన రోజు

జులై 9, బుధవారం. తెల్లారగట్ల జల్లు, ఇప్పుడు ఎండ. బీర పందిరికి తాళ్లు బిగించిన.

నా నోటుబుక్కుల రోజూ ఇంతే ఉంటది. నలుగురిల మాట్లాడేది తక్కువ, రాసేది ఇంకా తక్కువ. కానీ పొద్దున ఫోన్‌ల ఒక వీడియో చూసిన... అంగారకుని మీద దిగిన యంత్రం! అప్పటి నుంచి మనసు ఆగుతలేదు. అందుకే నోటుబుక్కుల కాక, మీరందరు చదివేటట్టు ఇక్కడ రాస్తున్న.

మా చిన్నప్పుడు... ఇసొంటిదే ఒకటి అంగారకుని మీద దిగింది. చుట్టూ గాలి బుగ్గలు కట్టుకొని, బంతి లెక్క ఎగిరెగిరి పడి, ఆగినంక భూమికి సిగ్నల్ పంపిందట. చేవెళ్లల చదువుకునే మా అక్క పేపర్ల చదివి చెప్పింది. నాకు పదేండ్లు, అక్కకు పదమూడు.

"మనం గూడ దించుదాం తమ్మీ" అన్నది.

"దేన్ని?"

అక్క గోడల గూటి దిక్కు చూసింది. గూట్ల బాపు ట్రాన్సిస్టర్ ఉన్నది!

పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కోంగనే బాపు దాన్ని పెడుతుండె. పంటల ముచ్చట్లు, వార్తలు అయిపోయేదాకా ఇంట్ల ఎవ్వరం నోరు తెరవొద్దు. మేం దాన్ని ముట్టిందే లేదు.

"అది పలిగితే బాపు మనల్ని ఇంట్ల ఉంచుతడా?"

"ఊకో, పలగదు. మోగుకుంటనే దిగాలె. దిగినంక గూడ పాట వస్తే బతికినట్టు."

ఆదివారం మధ్యాహ్నం బాపు, అవ్వ కలుపుకు పోయిన్రు. మొయినాబాద్ సైకిల్ షాపుల బతిమాలి తెచ్చిన పాత ట్యూబులు నాలుగు... పంపుతోని గాలి కొట్టిన. పాట పెట్టి, ట్రాన్సిస్టర్‌ను అవ్వ బొంతల చుట్టి, చుట్టూ ట్యూబులు పెట్టి సుతిలితోని కట్టినం. ముడి జారింది. విప్పి మళ్ల కట్టినం. మళ్ల జారింది. దానికే గంట పట్టింది. బొంత మందానికి లోపటి పాట బయటికి వినిపిస్తనే లేదు.

మిద్దె ఎక్కినం. కింద దుక్కి, మొన్నటి వానకు మెత్తగ, ఎర్రగ... అచ్చం పేపర్ల బొమ్మ లెక్కనే!

అక్క ఐదు నుంచి కిందికి లెక్కబెట్టింది. విడిచిపెట్టిన.

పడ్డది... ఎగిరింది! నా ఎత్తు ఎగిరింది! మళ్ల పడి, మళ్ల ఎగిరి, దొర్లి దొర్లి గట్టుకు ఆనుకొని ఆగింది. కేకలు పెట్టుకుంట మెట్లు దిగి ఉరికినం. బొంత విప్పినం.

పాట లేదు. గుర్రుమని చప్పుడు ఒక్కటే.

అక్క ముఖం చిన్నబోయింది. "లోపల ఏదో ఊడింది తమ్మీ" అన్నది. ట్రాన్సిస్టర్‌ను తెచ్చి గూట్ల పెట్టినం. చప్పుడు తగ్గించిన గని, భయానికి బంద్ చేసుడు మరిచిపోయిన.

సాయంత్రం బాపు వచ్చిండు. కాళ్లు కడుక్కుంటుంటే అక్క నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. బాపు గూటి దిక్కు చెయ్యి చాపనే లేదు... ట్రాన్సిస్టర్ దానంతట అదే సన్నగ మోగింది!

"సిగ్నల్ వచ్చింది!" అక్క ఎగిరి గంతేసింది.

"ఏం సిగ్నల్? ఎవరు పెట్టిన్రు దీన్ని?"

మొత్తం చెప్పేసినం. బాపు ట్రాన్సిస్టర్‌ను చేతిలకు తీసుకున్నడు. "మధ్యాహ్నం పాటలైనంక సాయంత్రం దాకా స్టేషన్ బందుంటది. రోజూ బడికి పోయేటోళ్లు, మీకేం ఎరుక" అన్నడు. ట్రాన్సిస్టర్ రంధ్రాలల్ల ఇరికిన ఎర్రమట్టిని పుల్లతోని తీసుకుంట నన్ను అడిగిండు... "ఎంత ఎత్తు ఎగిరిందన్నవ్?"

నిలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టి చూపించిన.

బయట వాన మొదలైంది. లోపటి నుంచి అవ్వ అరిచింది, "నా బొంత యాడ పోయిందే?"

బొంత ఇంకా అంగారకుని మీదనే ఉన్నది!

ఆ దుక్కి ఇప్పుడు ఫామ్‌హౌస్ అయింది. గోడ కట్టి, లోపల గడ్డి పెంచిన్రు. అంగారకుని మట్టిని పొద్దున అరచేతిల ఫోన్‌ల చూసిన గని, మా దుక్కి మట్టిని చూడాలంటే వాచ్‌మన్‌ను అడగాలె... మీరు గూడ చిన్నప్పుడు ఏమన్న దించిన్రా? దిగినంక మోగిందా? చెప్పుండ్రి.

అక్క ఇప్పుడు శంకర్‌పల్లిల ఉంటది. వీడియో పొద్దున్నే పంపిన. ఇంకా జవాబు రాలేదు.

సాయంత్రం పని: సొర తీగకు...

ఆగుండ్రి, ఫోన్ మోగుతున్నది. అక్క!