పెద్దమ్మ పీల్చుకున్న కాసింత గాలి

రేపల్లెలో పెద్దమ్మ పోయిందని వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయిందట. "ఏ బాధా పడలేదండి" అన్నాడు. ఆ మాట ఊరటగానే ఉంది, కానీ నాకు చేదుగా కూడా తగిలింది. బాధ పడకుండా ఉందామని ఆమె బతికుండగా ఒకసారి అనుకుంది. మనుషులు ఉండనివ్వలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. ఎనభైల్లో తెనాలిలో మా పక్కింట్లో ఉండేది. బళ్ళో టీచరు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మాది వేరే మతమైనా, నాకు జ్వరమొస్తే తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. కళ్ళు తెరవగానే, "మాత్ర వేసుకున్నావా లేదా? దేవుడికి మాత్రలంటే కోపమేం లేదే" అనేది. పేటలో ఎవరికి నొప్పులొచ్చినా కబురు ఆమెకే వచ్చేది. "అరవవే తల్లీ, ఎవరి మెప్పు కోసం నోరు మూసుకుంటావు?" అని వాళ్ళ చెయ్యి పట్టుకు కూర్చునేది.

అలాంటి మనిషికి పళ్ళ డాక్టరంటే వణుకు. చిన్నప్పుడు చుండూరులో ఇద్దరు మగవాళ్ళు కాళ్ళూ చేతులూ అదిమిపట్టుకుంటే పన్ను పీకారట. అప్పట్నుంచి దవడ వాచినా, లవంగ నూనె అద్దుకుని బడికి పోవడమే.

తెనాలికి కొత్తగా వచ్చిన ఒక డాక్టరు దగ్గర గ్యాసు మిషను ఉందని తెలిసి, బతిమాలి తీసుకెళ్ళాను. ముక్కు మీద పెట్టే రబ్బరు తొడుగును ఆయన ముందు ఆమె చేతికే ఇచ్చాడు. "ఇది నిద్ర పుచ్చదమ్మా. నా మాటలన్నీ వినిపిస్తుంటాయి. భయం మాత్రం కాస్త అవతలికి జరుగుతుంది. నొప్పికి ఇంజెక్షన్ ఎటూ ఇస్తాను. వద్దనిపిస్తే చెయ్యెత్తండి, తీసేస్తాను" అన్నాడు. కాసేపటికి కుర్చీని బిగించి పట్టుకున్న ఆమె వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. తిరిగొస్తూ రిక్షాలో, "ఇంతేనా? ఇన్నేళ్ళూ ఎందుకు చచ్చానే?" అని చిన్నపిల్లలా నవ్వింది. ఇంకా కొన్ని పళ్ళు బాగుచెయ్యాలి, మళ్ళీ రమ్మన్నాడు డాక్టరు.

మళ్ళీ వెళ్ళలేదు. ఆదివారం చర్చి బయట, పెద్దల్లో ఒకాయన పదిమందిలో అడిగాడు: "ఏంటి టీచరమ్మా, ఊరందరి నొప్పులకీ ప్రార్థన చేస్తారు, మీ పన్ను దగ్గరికొచ్చేసరికి గ్యాసు కావాల్సొచ్చిందా?" అందరూ నవ్వారట. ఆమె భర్తా నవ్వాడు.

"నవ్వుకోనివ్వండి పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు యూనివర్సిటీలో చదివినదానివి, ఎన్నైనా చెబుతావు. రేపు నేనెవరి తల మీద చెయ్యి పెట్టినా ఈ మాటే గుర్తుకొస్తుందే వాళ్ళకి" అంది. ఆ చెయ్యి మీద ఊరికున్న నమ్మకం నిలుపుకోవడానికి పళ్ళు వదులుకుంది.

మరుసటి ఏడాది దవడకు చీము పట్టింది. బాపట్లలో కూతురి దగ్గరుండి, పళ్ళన్నీ తీయించుకుంది. ఉత్త ఇంజెక్షనుతోనే. అల్లుడు భుజాలు పట్టుకున్నాడట. కట్టుడు పళ్ళు ఏనాడూ సరిగ్గా కుదరలేదు. పాఠం చెబుతుంటే మాట జారి పిల్లలు కిసుక్కుమనేవారు. చర్చిలో వాక్యం చదవడం మానేసింది. ప్రార్థనకు పిలిస్తే వెళ్ళేది, కానీ పెదవులు కదిలేవి, మాట వినిపించేది కాదు.

చదివేవారికి ఇదంతా ఒక పంటి గొడవేగా అనిపించవచ్చు. నాకూ అనుమానమే. ఆ పళ్ళు ఎలాగూ పోయేవేమో, ఆ పెద్దాయన మీద నాకున్న కోపంతో లెక్క తప్పుతున్నానేమో. తొంభైల్లో ఆయనే అదే డాక్టరు దగ్గర గ్యాసు పెట్టించుకుని, "సైన్సు ఎంత ఎదిగిందండీ!" అని వీధంతా చెప్పుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. అప్పటికి రేపల్లెలో కొడుకు దగ్గరుంటున్న పెద్దమ్మను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ సంగతి చెప్పాను. "పోనీలే, ఆయనకైనా భయం తప్పింది" అంది. అది క్షమో, అలసటో నాకు ఇప్పటికీ తెలియదు.

అంత్యక్రియల్లో మాట్లాడటానికి ఆయన్నే పిలిచారు. "మా టీచరమ్మగారి ఓర్పే ఓర్పండి. పళ్ళన్నీ పీకుతున్నా కిమ్మనలేదు" అన్నాడు. అందరూ తలలూపారు. పెట్టెలో పెద్దమ్మకు కట్టుడు పళ్ళు పెట్టాలని ఎవరికీ తోచలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. పెదవులు ఒకదానికొకటి బిగుసుకున్నాయి, ఎవరో ఇంకా ఆమె భుజాలు అదిమి పట్టుకున్నట్టు.