మీసాలు, తోక మినహా

మొన్న పార్వతీపురంలో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నాను. అప్పటికే నా దవడ గుమ్మడికాయంత ఉబ్బి, నాకంటే ముందు లోపలికి వెళ్ళేటట్టుంది. మూలన గాజుతొట్టిలో గాలి పంపు గుడగుడమంటోంది. ఆ చప్పుడుతోపాటు తడి నాచు వాసన తగిలేసరికి, నా చెయ్యి నన్నడక్కుండానే చొక్కా జేబులోని స్టీలు స్కేలు మీదకు పోయింది. తొట్టి అడుగున బుల్లి జెల్ల చేప ఒకటి మీసాలతో ఇసుక తడుముకుంటోంది. చీటీలు రాసే అమ్మాయి నా చూపు గమనించి, "ఆ సేప జానెడుందండి," అంది గొప్పగా. ఒకప్పుడైతే నేను మూరెడు అనేవాణ్ణి. అననివ్వకుండా చేసిన మనిషి మార్తమ్మ టీచర్.

ఆవిడ అరకు దగ్గర బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మనిషి అయిదడుగులకు తక్కువే గాని, గొంతు విప్పితే ఎదురు కొండ మీద కాఫీ పళ్ళు రాలేవి. పింఛను తీసుకుని కాళ్ళు చాపుకోవలసిన వయసులో పెరట్లో పది సిమెంటు తొట్లు కట్టించి, అక్వేరియాల్లో పెంచుకునే జెల్లపిల్లల్ని పుట్టించడం మొదలుపెట్టారు. చల్లటి నీళ్ళు ఇష్టపడే జాతి అది. అరకు వాటికి పుట్టిల్లు అనేవారు. నేను పాచిపెంట నుంచి ఆవిడ పంపు బాగుచెయ్యడానికి వెళ్ళాను. గంట పని. నాలుగేళ్ళు ఉండిపోయాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నా నోట్లో పడితే పిల్లకాలవ సముద్రమయ్యేది, గండుపిల్లి పులయ్యేది.

ఆ ఇంట్లో సోమవారం అంటే కొలతల రోజు. పిల్లల్ని వలతో పట్టకూడదు, రెక్కల్లో ముల్లు వలకు చిక్కుకుంటుంది. టీకప్పుతో నీళ్ళతో సహా ముంచి, లోతులేని గాజు పళ్ళెంలో వదలాలి. పళ్ళెం కింద గ్రాఫు కాగితం. చేపపిల్ల కదలకుండా నిలబడేదాకా మనం ఊపిరి బిగబట్టాలి. నిలబడగానే మూతి నుంచి తోక మొదలు వరకు గళ్ళు లెక్కపెట్టాలి. తొట్టికి ఇరవై పిల్లలు. పెద్దవాటిని ఏరకూడదు, కప్పులోకి ఏది వస్తే అదే. ఆ ఇరవైకీ సగటు తీసి నోటుబుక్కులో రాయాలి. వారానికి రెండు మిల్లీమీటర్లు పెరిగితే టీచర్ మొహంలో క్రిస్మస్ వచ్చేది. ఆ రెండు మిల్లీమీటర్లకు నేను ఊళ్ళో ఊరేగింపు తీసేవాణ్ణి.

విశాఖపట్నంలోని ఒక చేపల దుకాణం నుంచి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. మూడు వందల పిల్లలు. ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్లుండాలి, తోక మినహా. "ఇది నిలబడితే తొట్లుంటాయి, అప్పన్నా. లేదంటే మట్టి పోసీసి తోటకూర ఏసుకుందాం," అన్నారు టీచర్. సరిగ్గా ఆ వారమే ఆవిడకు కంటి ఆపరేషనయింది. కొలత నా మీద పడింది. నేను ముప్పై రెండు మిల్లీమీటర్లని రాశాను. మీసాల కొస నుంచి తోక కొస దాకా కొలిచాను మరి. చేప పుట్టుకతో తెచ్చుకున్న ఆస్తిలో ఏదీ వదిలెయ్యడానికి మనసొప్పలేదు. తప్పని తెలుసు. కళ్ళకు గంతలతో ఉన్న మనిషి ఆ అంకె విని నవ్వితే చూడాలనిపించింది. నవ్వారు కూడా.

పంపే రోజు పొద్దున్న ప్లాస్టిక్ సంచులు, ఆక్సిజన్, థర్మోకోల్ పెట్టెలు అన్నీ సిద్ధం. టీచర్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, "ఒక్క కప్పు తియ్యి," అన్నారు. తీశాను. పళ్ళెం మీదకు వంగి చాలాసేపు చూశారు.

"ఇరవై నాలుగుంది. ముప్పై రెండెలాగొచ్చింది?"

"మీసాలు కూడా కలిపానండి."

"సొక్కా కుట్టించుకున్నప్పుడు నీ మీసం కూడా కొలిపించుకుంటావేటి?"

పక్కనున్న డ్రైవరు కిసుక్కుమన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "అక్కడెవరు కొలుస్తారు టీచరమ్మా? బేగి బేగి కట్టీసి పంపేద్దాం."

"ఘాటీ దిగీసరికి ఉక్క. ఈ సైజువి తట్టుకోలేవు, అప్పన్నా. ఆడు కొలవకపోయినా ఆ ఉక్క కొలుస్తాది," అన్నారు. అక్కడే దుకాణానికి ఫోను చేశారు. "బాబూ, పిల్లలు ఆరు మిల్లీమీటర్లు తక్కువున్నాయి. కొలతలో తప్పు జరిగింది. తప్పు నాదే." నా వైపు చూడనైనా చూడలేదు. అవతలి మనిషి, నాలుగు వారాలాగి తానే వచ్చి చూస్తానన్నాడు, నచ్చకపోతే ఆర్డరు లేదన్నాడు. తిట్టి ఉంటే ఆ తిట్లను పదింతలు చేసి ఊరంతా చెప్పుకుని హాయిగా ఉండేవాణ్ణి. ఆ "నాదే" అన్న మాటను మాత్రం ఎటు లాగినా పెద్దది చెయ్యలేకపోయాను. అది అప్పటికే పెద్దది.

నాలుగు వారాలకు దుకాణదారు వచ్చాడు, చేతిలో సొంత స్కేలుతో. టీచర్ తన స్టీలు స్కేలు తీసి నా చేతికిచ్చారు. "నువ్వే కొలు."

మొదటి కప్పు. పిల్ల నిలబడింది. ఇన్నేళ్ళ అలవాటు కదా, ముప్పై అనడానికి నోరు దానంతటదే తెరుచుకుంది. ఒక్క గీత తేడా. ఆ ఒక్క గీతలో పది తొట్లూ తోటకూరా కనిపించాయి. "ఇరవై తొమ్మిది," అన్నాను.

దుకాణదారు వంగి చూశాడు, నా మొహం చూశాడు. తర్వాతివి ముప్పై, ముప్పై ఒకటి, మళ్ళీ ముప్పై. అయిదోదానికి ముందే తన స్కేలు జేబులో పెట్టేసుకున్నాడు. "మిగతావి మీరు సెప్పిందే లెక్క," అన్నాడు. ఆ తరవాత ఎప్పుడూ కొలవలేదు. టీచర్ టీ పెట్టడానికి లోపలికెళ్తూ, "అంకె బాగానే సదివావు," అన్నారు. గవర్నరు శాలువా కప్పినా నా ఛాతీ అంత వెడల్పయ్యేది కాదు.

ఆవిడ పోయి రెండేళ్ళు. ఆ స్కేలు నాకిచ్చేసి వెళ్ళారు. మొదటి సెంటీమీటరు గీతలు ఆవిడ బొటనవేలికే అరిగిపోయాయి, అందుకని ఒకటి నుంచి మొదలుపెట్టి కొలుస్తాను.

పళ్ళ డాక్టరు దగ్గర దాన్ని గాజుకు ఆనించి, చేప నిలబడేదాకా ఊపిరి బిగబట్టాను. "నలభై ఒకటి."

"ఏటండి నలభై ఒకటి?" అంది ఆ అమ్మాయి.

"మిల్లీమీటర్లమ్మా. మీసాలు, తోక మినహా."

నా దవడ గుమ్మడికాయంత ఉబ్బి ఉండకపోవచ్చు. ఎదురు కొండ మీద కాఫీ పళ్ళూ రాలి ఉండకపోవచ్చు. చేప మాత్రం నలభై ఒకటే.