ఆదివారం పదింటికి వస్తానన్న మాట

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం దసరా సెలవులకు నేను మా ఊరు యానాం వెళ్ళలేదు. మా కాలేజీ నుంచి ఆరుగురం పుదుచ్చేరి మురుంగపాక్కంలో ఉన్న ఒక అనాథ పిల్లల ఇంట్లో ఎనిమిది రోజులు పనిచేయడానికి పేర్లిచ్చాం. నేను పేరివ్వడానికి కారణాలు మూడు. ఒకటి, సర్టిఫికెట్. రెండు, ఎనిమిది రోజుల కోసం అంత దూరం బస్సులో ఊగిపోతూ వెళ్ళడం దండగనిపించింది. మూడు, నా రూమ్మేట్ పేరిచ్చాడు. ఈ మూడో కారణాన్ని అప్పట్లో ఎవరడిగినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

మార్కుల్లో వాడు నాకంటే బాగా వెనక. అయినా మెస్సులో వాడి కంచంలో రెండో గరిటె అడక్కుండానే పడేది. వార్డెన్ వాడి భుజం మీద చెయ్యేసి మాట్లాడేవాడు. వాడిది విల్లియనూరు. ఎన్నో తరాల కిందట వచ్చి అక్కడ సేద్యంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ రాయడానికి వాడికి ఒక్క అక్షరం రాదు. నా చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం అదే. ఆంధ్ర నుంచి వచ్చిన కుర్రాళ్ళు గదిలో చేరినప్పుడల్లా వాడి చేత మాట్లాడించి నవ్వించేవాణ్ణి.

"నీది తెలుగు కాదురా, తెలుగు వేషం కట్టిన అరవం" అనేవాణ్ణి.

"సరి సరి పండితుడా, సాపాటుకు వస్తావా, ఈడనే కూర్చోని నా మాటలు తింటావా?" అని వాడూ నవ్వేవాడు. కోపం తెచ్చుకునేవాడు కాదు. అది నాకు ఇంకా మంటగా ఉండేది.

ఆ ఇంట్లో పిల్లలు ఇరవై ఆరుగురు. నేను ముందురోజే ఒక పట్టిక గీశాను: వయసు, తరగతి, మాట్లాడే భాష, చెప్పుల సైజు, ఇష్టమైన ఆట. ఇరవై ఆరును ఆరుతో భాగిస్తే తలా నలుగురు, శేషం ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకర్ని నేను తీసుకున్నాను. ఇంటిని చూసుకునే, పిల్లలంతా పెద్దమ్మ అని పిలిచే పెద్దావిడ నా పట్టికను దూరంగా పట్టుకుని చూసింది. ఆమెదీ మా వాడిలాగే ఆ పక్క స్థిరపడ్డ పాతకాలపు తెలుగు ఇల్లే.

"ఏంది నాయనా ఇది, రేషను కార్డా?" అంది. మా వాళ్ళంతా నవ్వారు. తర్వాత ఆమె నవ్వకుండా ఒక మాట చెప్పింది. "మీరు ఏం ఆట ఆడించినా సరి, ఏం పాట నేర్పినా సరి. పోయేటప్పుడు మటుకు మళ్ళా వస్తామని ఈ బిడ్డలకి చెప్పొద్దు. పోయొస్తామని కూడా అనొద్దు. రావాలని ఉంటే ఒకరోజు వచ్చేయండి. చెప్పి పోవద్దు."

శేషంగా మిగిలి నా వంతుకొచ్చింది ఏడేళ్ళ పాప. ఆంధ్ర అంచున తడ పక్క ఏదో పల్లె. నాలుగు నెలల కిందట వచ్చింది. మిగిలిన పిల్లలందరికీ తమిళం, ఈ పాపకు తెలుగు తప్ప రాదు. ఎవరితోనూ మాట్లాడటం లేదని పెద్దమ్మ చెప్పింది. ఆ నిమిషంలోనే నాకు ఎనిమిది రోజుల లక్ష్యం దొరికింది. ఈ పాప నోరు విప్పితే ముందుగా నాతోనే విప్పాలి.

"నీ పేరేమిటమ్మా? మీది ఏ ఊరు? భోజనం చేశావా?" అని వరసగా అడిగాను. నా మొహం చూసింది, గోడ చూసింది. తెలుగు బడి పంతులు గొంతు నాకు తెలియకుండానే నాలోంచి వచ్చినట్టుంది. పావుగంట ప్రయత్నించాను. వంటింటి వైపు నుంచి నా రూమ్మేట్ బియ్యం మూట భుజాన వేసుకుని మా ముందు నుంచి వెళుతూ, ఆగనైనా ఆగకుండా అడిగాడు.

"ఏమ్మే, యాడ నీ చెప్పులు?"

"వానకు పోయినాయన్నా" అంది పాప.

వాడు మూటతో సహా వెనక్కి తిరిగాడు. "రెండూ పోయినాయా?"

"ఒకటి పోయింది. ఇంకోటి నేనే ఇడిసేసినా. ఒకటి ఏం చేసుకునేది?"

"ఆమా, అదీ సరే" అని వాడు నవ్వాడు. పాప కూడా నవ్వింది. నేను ఏడాదిగా వెక్కిరిస్తున్న ఆ మాటలు పాపకు తన ఇంటి మాటలు. నా పట్టికలో 'భాష' అనే గడి ఉంది, అందులో తెలుగు అని రాసి ఉంది. అంతే ఉంది.

అయినా నేను ఊరుకోలేదు. వాడికి రానిది నాకు వచ్చు. పలక కొని, అక్షరాలు మొదలుపెట్టాను. పాప చురుకైనది. మూడో రోజుకు అచ్చులు వచ్చాయి, ఆరో రోజుకు క నుంచి మ దాకా వచ్చాయి. రోజూ గంట పాఠం కాగానే పలక చంకన పెట్టుకుని ఎటో పరుగెత్తేది. దాచుకోవడానికి అనుకుని నాలో నేను మురిసిపోయాను. ఆరో రోజు వెనకే వెళ్ళి చూశాను. వంటింటి వెనక మా వాడు ముందు ఉల్లిపాయల బుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. పాప వాడి ఎదుట గొంతుకూర్చుని పలక పట్టుకుంది.

"ఇది ఏంది, చెప్పన్నా."

"కుక్క తోక."

"కాదన్నా! క. నువ్వు మక్కు, ఉత్త మొద్దు."

"మక్కే మే. ఇంకోసారి చెప్పు, మండకి ఎక్కలేదు."

పాప బలపంతో వాడి వేళ్ళ మీద కొట్టింది. వాడు అయ్యో అని ఏడుస్తున్నట్టు నటించి, పలక తీసుకుని వంకరగా క రాశాడు. నేను దగ్గరికి వెళ్ళి "తప్పు. తలకట్టు లేదు" అని ఆ అక్షరాన్ని అరచేత్తో తుడిచేశాను. నేర్పింది నేను. ఆ పిల్ల దాన్ని వాడికి పంచిపెడుతోంది. పాప నా వైపు చూడలేదు, ఖాళీ అయిన పలకనే చూసింది. వాడు మాత్రం నా మొహం చూసి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు.

చివరి రోజు వాడు పాప ముందు వంగి, "మేము పోతాం మే. బాగా తిను. చెప్పులు కొత్తవి, రెండూ జాగ్రత్త" అన్నాడు. పాప తలూపింది. ఏడవలేదు. వాడు బండి తీయడానికి గేటు దాటేదాకా నేను ఆగాను. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని అన్నాను.

"నేను వస్తాను. వచ్చే ఆదివారం పదింటికి. ఒత్తులు నేర్పుతాను. ఆ అన్నకు అవేవీ రావు."

పాప మొదటిసారి నా వేలు పట్టుకుంది. "నిజంగానా? పదంటే టిఫిను తిన్నాకనా?"

"తిన్నాక."

గెలిచినవాడిలా గేటు దాకా నడిచాను.

మొదటి ఆదివారం రికార్డులు రాసుకునే పని ఉంది. రెండో ఆదివారం వాన. గొడుగు లేదని చెప్పుకోవచ్చు కానీ ఉంది. అసలు సంగతి, ఆ వేలు పట్టుకున్న క్షణంతో నాకు కావలసింది దొరికిపోయింది. మధ్యాహ్నం నేను స్నేహితులతో టౌనుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి మా వాడు గదిలో తడిసిన చొక్కా పిండుతున్నాడు.

"పెద్దమ్మ హాస్టలుకు ఫోన్ చేసిందిరా, నీ కోసం. నువ్వు లేవు, నేను పోయినా. ఆ పాప రెండు ఆదివారాలుగా టిఫిను తినేసి, పలక పట్టుకోని మెట్టు మీద కూర్చునిందంట. సాపాటుకు పిలిస్తే రాలేదంట. వస్తానని చెప్పినావా?"

"చెప్పాను."

వాడు తిట్టలేదు. "నిన్నే అడిగింది. జొరం అని చెప్పినా. సరేనని తినింది."

"నీతో తిందా?"

నా నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అదే. ఏడ్చిందా అని కాదు.

"నాతోనే. ఎవురితో తింటే ఏందిరా?" అని వాడు చొక్కా దులిపి తాడు మీద వేశాడు. "పెద్దమ్మ ఒకటే చెప్పింది. వచ్చేదుంటే ప్రతి ఆదివారం రమ్మను, లేదంటే ఒక్కసారి వచ్చి రానని చెప్పి పొమ్మను. అప్పుడే అది మెట్టు మీద నుంచి లేస్తుందంట."

కాగితం తీసి లెక్కవేశాను. చదువు ముగిసేదాకా మిగిలిన ఆదివారాల్లో పరీక్షలు, ప్రాజెక్టు, ఇంటర్వ్యూలు తీసేశాను. ప్రతి ఆదివారం నా వల్ల కాదని తేలింది. కాగితం అవసరం లేకుండానే నాకది తెలుసు.

ఆ పై ఆదివారం భోజనాల వేళకు వాడి బండి మీదే వెళ్ళాం. గేటుకు ఇవతలే వాడు ఆగిపోయాడు. "నువ్వు పో. నేను లోపలికొస్తే అది నా దగ్గరికి వచ్చేస్తుంది, నీ మాట ఇనదు" అన్నాడు. గొప్పకు అనలేదు. ఉన్నమాట అన్నాడు. అందుకే అది గుచ్చుకుంది.

పాప మెట్టు మీదే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. "జొరం తగ్గిందా అన్నా?"

"జ్వరం రాలేదు. నేనే రాలేదు. ఇక ముందు కూడా రాను. నువ్వు నా కోసం కూర్చోవద్దు."

ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవాలని కూడా కోరుకున్నాను. పాప గౌను అంచుతో పలక తుడిచింది. "సరే" అంది. తర్వాత, "ఆ అన్న వస్తాడా?" అంది.

వాడు గేటు అవతల ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. పిలిస్తే వినపడే దూరం. "తెలీదు" అన్నాను. లోపలి నుంచి పెద్దమ్మ పిలిచింది. పాప పలక గోడకు ఆనించి వెళ్ళి పంక్తిలో కూర్చుంది. కిటికీలోంచి చూశాను. అన్నం తింది, రసం కోసం మళ్ళీ చెయ్యెత్తింది.

బండి నూరడుగుల రోడ్డు ఎక్కింది.

"తినిందా?" అన్నాడు వాడు ముందుకు చూస్తూనే.

"తింది."

"ఏడ్చిందా?"

"లేదు."

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. వాడు సగం తల తిప్పాడు. ఏడాదిన్నర ఒకే గదిలో ఉండి కూడా వాడి గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నన్ను ఏమన్నా అడిగిందా?"

"లేదు" అన్నాను.

వాడు తల ముందుకు తిప్పుకున్నాడు. "సరి, మంచిదేరా. మరిచిపోయింది" అన్నాడు.

నేను కాదనలేదు.